సోల్‌బ్రెక్కె వారి తాలూకు

తొమ్మిదయింది, ఇంకా గంట ఉంది, చెప్పేస్తాను, ఈ రోలర్లు విప్పడం అవగానే చెప్పేస్తాను. పొద్దుట ఆరున్నరకి కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతూ ఫోన్ చూసుకున్నప్పుడు కూడా ఇలాగే అనుకున్నాను, వెళ్ళగానే చెప్పేస్తానని. అప్పటికి మూడున్నర గంటలుండేది. వచ్చేసరికి డాట్ మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉంది, ఎనభై నాలుగేళ్ళ మనిషి, నీలం కార్డిగన్ ఒకటి, బూడిదరంగుది ఒకటి ఒళ్ళో పెట్టుకుని, "ఏది వేసుకోను లవ్, మా వాళ్ళ ముందు?" అంది. మా వాళ్ళు! ఆ మాట విన్నాక నోరెలా పెగులుతుంది? నీలం వేసుకో అన్నాను. అదీ నా ధైర్యం. కార్డిగన్ తొడిగాను, గుండీలు పెట్టాను, టీ ఇచ్చాను, జుట్టు తడిపి రోలర్లు చుట్టాను, ఇప్పుడు అవే విప్పుతున్నాను, ఆవిడ కిటికీ వైపు తిరిగి తనలో తనే నవ్వుకుంటోంది. సరిగ్గా పదింటికి అమెరికాలో మినసోటా నుంచి జానెల్ అనే ఆవిడ ఈ టాబ్లెట్‌లోకి వస్తుంది. జానెల్ తన పెదనాన్న మునిమనవరాలని డాట్ అనుకుంటోంది. అలా అని నమ్మించింది నేనే. తీరా చూస్తే జానెల్ డాట్‌కి ఏమీ కాదు, వేలు విడిచిన చుట్టం కూడా కాదు. ఆ సంగతి ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు.

ఎందుకు పెట్టుకున్నానమ్మా ఈ పని, నన్నెవరు అడిగారు? నా ఉద్యోగం ఏమిటి, స్నానాలు చేయించడం, బట్టలు తొడగడం, మందు వేళకి నర్సుని పిలవడం. ఇన్వర్‌కార్గిల్ పాలిటెక్నిక్‌లో రెండేళ్ళు చదివి, వీసా కాగితాల కోసం ఈ వృద్ధుల హోమ్‌లో చేరి, కాగితాలొచ్చాక కూడా ఇక్కడే ఉండిపోయాను. క్లాసులో వాళ్ళంతా ఆక్లండ్ వెళ్ళిపోయారు, అక్కడే పాపకూర అనే పేటలో ఇళ్ళు కొన్నారు. నేనూ మా ఆయన భార్గవ్ మాత్రం ఈ చలిలోనే. భార్గవ్ అంటాడు కదా, మీ అమ్మకి ఫోన్ చెయ్యమంటే టైమ్ లేదంటావు, నార్వే వాళ్ళ చుట్టాల్ని వెతకడానికి మాత్రం టైముందా నీకు అని. ఉంది మరి. డాట్ నన్ను మొదటి రోజే "ఇంద్రా" అని పిలిచింది, రకారం నాలిక మీద తిప్పి మరీ. ఈ దేశం వాళ్ళల్లో దక్షిణ కొసన ఉండే ఈ కివీలు ఒక్కళ్ళే మన పేర్లలో రకారం మింగెయ్యరు. ఆ పిలుపుకే పడిపోయాను అనుకుంటాను. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, కానీ నా బుర్రలోకి దిగేసరికి అది అచ్చం మా అమలాపురం మామ్మ మాటైపోతుంది, మధ్యలో ఆ "లవ్" ఒక్కటీ మిగులుతుంది.

మూడు రోలర్లు విప్పాను, ఇంకా తొమ్మిదున్నాయి. ఒకరోజు ఫారం నింపుతున్నాను, అందరికీ ఉండే ఫారమే, దగ్గరి బంధువు పేరు, ఫోన్ నంబరు. డాట్ ఫారంలో ఆ గడి ఖాళీ. ఎవరూ లేరా డాట్ అని అడిగాను. పెళ్ళి చేసుకోలేదట. అమ్మ తరఫు వాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నాన్న తరఫున? "నాన్న వైపు ఎవరుంటారు లవ్, నాన్న ఓడలో దిగాడు కదా" అంది, ఓడలోంచే పుట్టినట్టు. అప్పుడు చెప్పింది. ఎదురుగా సముద్రంలో ఉన్న స్టూవర్ట్ ఐలాండ్‌లో నార్వే వాళ్ళు తిమింగలాల వేట ఓడలకి మరమ్మతు చేసే షెడ్డు పెట్టుకున్నారట, వాళ్ళ నాన్న అండెర్స్ సోల్‌బ్రెక్కె అందులో కమ్మరి. షెడ్డు మూసేసినప్పుడు అందరూ ఓడెక్కి వెళ్ళిపోతే ఈయన మాత్రం ఇక్కడి పిల్లని పెళ్ళాడి బ్లఫ్ రేవులో ఉండిపోయాడు. డాట్‌కి ఏడేళ్ళప్పుడు న్యుమోనియాతో పోయాడు. ఆయన గురించి ఆవిడకి తెలిసింది మూడే ముక్కలు: పేరు, పుట్టిన పొలం సోల్‌బ్రెక్కె, ఒక అన్న అమెరికా వెళ్ళాడన్న మాట. అన్న పేరు కూడా తెలీదు. వాళ్ళమ్మ ఆయన పోయాక ఆయన ఊసే ఎత్తలేదట, ఫొటో ఒక్కటి కూడా ఉంచలేదు, కోపమో దుఃఖమో ఎవరికి తెలుసు. "ఒక్కసారి మా వాళ్ళ ముఖం ఎలా ఉంటుందో చూడాలనుంది లవ్, చూపు ఉండగా" అంది. చూపంటే, ఆవిడ కంటి మధ్యలో మచ్చ పడింది. ఎదురుగా చూస్తే మనిషి ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగే కనిపిస్తుందట. తల పక్కకి తిప్పి కంటి కొసల్లోంచి చూస్తుంది. క్రిస్మస్ నాటికి ఆ కొసలు కూడా ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు జూలై, ఇక్కడ నడి చలికాలం.

వినగానే నాకు ఆరా పుట్టింది. ఆరా తీయడం మా ఇంట్లో జబ్బు, మా లక్ష్మీబాయి అత్తయ్య నుంచి అంటుకుంది. పెళ్ళి భోజనాల్లో మా అత్తయ్య పక్కన తెలియనివాళ్ళు కూర్చుంటే చాలు, పప్పు వడ్డించేలోపు ఇంటిపేరు అడుగుతుంది, కూర వచ్చేలోపు ఎవరి తాలూకో తేల్చేస్తుంది, మజ్జిగ దగ్గరికొచ్చేసరికి వాళ్ళు మనకి పెద్దమ్మ ఆడపడుచు వియ్యాలవారవుతారు. ఒకసారి బస్సు కండక్టర్ని కూడా వదల్లేదు. నీది ఫలానా ఇంటిపేరైతే నాకు తమ్ముడి వరసవుతావురా, టికెట్టు కొట్టకపోతే మానె, ముందు కూర్చోమని చెప్పింది. ఒకటే ఇంటిపేరైతే ఒకటే రక్తం, ఇక మాట్లాడ్డానికేముంది? నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌లో సోల్‌బ్రెక్కె అని కొట్టాను. నార్వే నుంచి వెళ్ళినవాళ్ళ సంతతి వాళ్ళు ముత్తాతల గురించి రాసుకునే చోటు ఒకటుంది, అందులో జానెల్ దొరికింది. మా ముత్తాత ఊలె సోల్‌బ్రెక్కె, సోల్‌బ్రెక్కె పొలం నుంచి 1907లో వచ్చాడు, అక్కడి వాళ్ళెవరైనా ఉన్నారా అని ఆవిడా వెతుకుతోంది. అదే పేరు, అదే పొలం, అదే కాలం, అమెరికా! ఇంకేం కావాలి, ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. మర్నాడు డాట్ గదిలోకి నాట్యం చేసుకుంటూ వచ్చాను. దొరికాడు డాట్, మీ పెదనాన్న పేరు ఊలె, వాళ్ళకి మినసోటాలో పదకొండు మంది పిల్లాపాపా ఉన్నారు అని చెప్పాను. యాక్టివిటీస్ క్యాలెండరు వెనక్కి తిప్పి స్కెచ్ పెన్నుతో వంశవృక్షం గీసి గోడకి అంటించాను. అదిగో, ఇప్పటికీ అక్కడే ఉంది, పైన అండెర్స్, ఊలె పక్కపక్కన, ఇద్దరి మధ్యా నేను గీసిన ఎర్ర గీత. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది, నా మీద నాకే.

"ఎన్ని గంటలైంది లవ్?" తొమ్మిదీ పది. "ఇంకానా!" అంది చిన్నపిల్లలా. ఇంకా ఎనిమిది రోలర్లు. పొద్దుట ఫోన్‌లో నేను చూసిన ఉత్తరం రాసినాయన పాపం మంచివాడే. నార్వేలో ఆ ఊరి చర్చి రికార్డులు చూస్తూ ఊరి చరిత్ర రాసుకుంటున్న రిటైర్డ్ టీచరు. ఎందుకైనా మంచిది, అన్నదమ్ముల పుట్టిన తేదీలు కూడా చెట్టులో రాద్దామని నేనే ఆయనకి నెల కిందట మెయిలిచ్చాను, నా తెలివి కొద్దీ. జవాబు ఇవాళే రావాలా, నిన్నొస్తే ఏం, రేపొస్తే ఏం? చాలా మర్యాదగా రాశాడు. అమ్మా, మా దగ్గర అది వంశం పేరు కాదు, పొలం పేరు; ఆ పొలంలో ఎవరుంటే వారికి ఆ పేరు, పొలం మారితే పేరు మారుతుంది. ఊలె వేరే ఊరి నుంచి వచ్చిన పాలేరు, 1903 నుంచి నాలుగేళ్ళు అక్కడ పనిచేశాడు, అమెరికా ఓడెక్కేటప్పుడు ఆ పొలం పేరే రాయించుకున్నాడు. అండెర్స్ అసలైన అన్న పెడెర్ పక్క లోయకి ఇల్లరికం వెళ్ళి, భార్య వాళ్ళ పొలం పేరుతో 1911లో అమెరికా వెళ్ళాడు, ఆ తరవాత ఏమయ్యాడో మా దగ్గర లేదు, వెతుకుతాను. అదీ ఉత్తరం. ఇల్లరికం వెళ్తే ఇంటిపేరు మార్చేసుకోవడమేమిటే, సిగ్గులేదూ అంటుంది మా అత్తయ్య. పాలేరుకి యజమాని ఇంటిపేరా అని కూడా అంటుంది. అత్తయ్య సరే, నాకు బుద్ధి ఉండొద్దూ? ఊరు కానిది ఊరు, దేశం కానిది దేశం, అక్కడ మనలాగే అనుకోవడమేమిటి నేను, ముందు అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

కానీ ఆలోచిస్తుంటే వింతగానే ఉంది. మా ఇంటిపేరు ముమ్మిడివరపు. ముమ్మిడివరంలో మాకు సెంటు భూమి లేదు, ఎప్పుడుండేదో తాతయ్యకి కూడా తెలీదు. ఎప్పుడో ఎవరో ఆ ఊరి నుంచి లేచి పక్క ఊరికి పోతే, ముమ్మిడివరం నుంచి వచ్చినాయన అన్నారు, అదే ఉండిపోయింది, అంతేగా? అదే ఊరి నుంచి అదే వారం మరో ఇంటివాడు లేచొస్తే వాణ్ణీ అలాగే అని ఉంటారు. మరి అత్తయ్య మజ్జిగ లోపల కలిపిన చుట్టరికాల్లో ఎన్ని నిజమో, ఎన్ని ఉత్తుత్తివో? ఆ కండక్టరు నిజంగా తమ్ముడేనా? కాకపోయినా ఏటా అత్తయ్యకి మామిడిపళ్ళు తెచ్చి ఇచ్చిపోయేవాడు. ఛ, ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. డాట్ అడిగింది మామిడిపళ్ళు కాదు, రక్తం. ఆ పెడెర్ ఎక్కడ దిగి ఉంటాడు, ఏ పేరుతో, పిల్లలున్నారా, వాళ్ళల్లో ఎవరికైనా డాట్ చుబుకం వచ్చిందా అని ఒక పక్క వెతకాలని చేతులు లాగుతున్నాయి. చూశారా, ఇంత జరిగినా జబ్బు తగ్గలేదు.

ఎనిమిదింటికి మందుల బండి దగ్గర కరిష్మాకి చెప్పాను. కరిష్మా మా నర్సు, ఫిజీ నుంచి వచ్చిన పిల్ల, వాళ్ళ ముత్తాత చెరుకుతోటల పనికి వెళ్ళిన తెలుగాయన. తెలుగు పది మాటలొస్తాయి, మిగతాది హిందీలోనో ఇంగ్లీషులోనో పూరిస్తుంది. అంతా విని మాత్రలు లెక్కపెట్టడం ఆపేసింది. "అక్కా, మా ఇంట్ల ఇట్లనే అయింది" అంది. వాళ్ళ తాతని వెతుక్కుంటూ విశాఖపట్నం వైపు నుంచి ఒకాయన వచ్చాడట, నేను మీ చిన్నాన్న మనవణ్ణి అని. ఇల్లంతా పండగ, మేకని కోశారు, తాత ఆయన్ని పక్కలో పడుకోబెట్టుకున్నాడు. నెల తరవాత తేలింది, ఊరు వేరు, ఓడ వేరు. ఆయన తప్పేం లేదు, ఆయనా నిజమే అనుకున్నాడు. "తాత ఆరు నెలలు ఎవరితో మాట్లాడలేదు. ముందు లేకపోతే బాధ లేదు అక్కా. ఇచ్చి తీసుకున్నరు, అది బాధ." తరవాత బండి తోసుకుంటూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని అడిగింది. నేనే చెప్తానన్నాను. పౌరుషానికేం తక్కువ లేదు.

తొమ్మిదిన్నర. రోలర్లన్నీ విప్పేశాను, ఇంక సాకు లేదు. దువ్వెన పట్టుకుని, డాట్, ఒక మాట చెప్పాలి అన్నాను. "చెప్పు లవ్" అని తల పక్కకి తిప్పి, కంటి కొసతో నన్ను పట్టుకుంది. ఆ చూపు, ఎలా చెప్పను, వంటింటి తలుపు సందులోంచి చూసే పిల్ల చూపు. అక్కడ ఇంకా శుక్రవారం సాయంత్రం డాట్, మనకి శనివారం అయిపోయింది అన్నాను. ఛీ నా బతుకు. ఆవిడకి అది తెగ నచ్చేసింది. "అంటే నేను వాళ్ళకి రేపటి నుంచి మాట్లాడుతున్నానన్నమాట!" అని నవ్వి, ఇంక వాళ్ళ నాన్న సంగతులు మొదలుపెట్టింది. ఏడేళ్ళకి ఎన్ని గుర్తుంటాయి, అన్నీ నేను విన్నవే. రేవులో ఆయన భుజాల మీద కూర్చుంటే తారు వాసన వచ్చేది. మెట్లెక్కేటప్పుడు వాళ్ళ భాషలో లెక్కపెట్టేవాడు. ఒకరోజు వానలో తడిసిన కుక్కపిల్లని కోటులో పెట్టుకుని తెచ్చాడు, అమ్మ తిట్టింది. ఇంతే, ఈ మూడింటినే తిప్పి తిప్పి చెబుతుంది, డెబ్భై ఏడేళ్ళుగా ఇవే అరగదీసింది. "నాన్నని చూసినవాళ్ళు భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలాను లవ్. నేను పోతే ఆయన అసలు లేనట్టే. వాళ్ళకైనా చెప్తే, ఆ పిల్లలకి కాస్త గుర్తుంటాడు." చెప్పకుండా ఊరుకుంటే? మాట్లాడుకోనిస్తే? ఎవరికి నష్టం, క్రిస్మస్ నాటికి చూపే ఉండదు, ఆ పైన ఎన్నాళ్ళుంటుందో, నిజమనుకుని పోతుంది హాయిగా. పాపం ఏమైనా ఉంటే నాకు. ఐదు నిమిషాలు ఆ ఆలోచనని బుజ్జగించుకుంటూ కూర్చున్నాను, పౌడరు రాస్తూ. కానీ ఆ టీచరు పెడెర్ జాడ పట్టుకుంటే? అప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను, అసలైన వాళ్ళు దొరికారు, ఇన్నాళ్ళూ నువ్వు మాట్లాడింది ఎవరితోనో అని? జానెల్‌కి మెయిల్ పెట్టేద్దామా ముందు? తొమ్మిదీ నలభై ఎనిమిది. ఇప్పుడు పెడితే ఎవరు చూస్తారు? డాట్ లిప్‌స్టిక్ అడిగింది. కొంచెం పక్కకి పోయింది, తుడిచి మళ్ళీ వేశాను.

పది కొట్టకముందే టాబ్లెట్ మోగింది. డాట్ వేలు చాపింది, ఆకుపచ్చ బొమ్మ ఎక్కడుందో నేను నేర్పిన చోటుకే. "ఎత్తకు డాట్" అన్నాను. తను మీ మనిషి కాదు, ఊలె మీ పెదనాన్న కాదు, పొలంలో పాలేరు, పేరు ఒకటే అయితే చుట్టాలే అనుకున్నాను, మా దేశంలో అలాగే అనుకుంటాం, తప్పు నాది. టాబ్లెట్ మోగుతూనే ఉంది. ఆవిడ వేలు గాల్లోనే ఉంది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"పొద్దుట ఆరున్నర."

"నా జుట్టు దువ్వుతున్నప్పుడు కూడా తెలుసా?"

తెలుసన్నాను. మోత ఆగిపోయింది. డాట్ వేలు దించుకుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. తిడితే బావుండును, చెంప మీద కొట్టినా బావుండును. కిటికీ బయట పచ్చిక మీద మంచు ఇంకా కరగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా, ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు. జానెల్‌కి తెలుసా అని అడిగింది డాట్. తెలీదన్నాను. "పాపం. తనూ పౌడరు రాసుకునే కూర్చుని ఉంటుంది" అంది. టాబ్లెట్ మళ్ళీ మోగింది. నేను కట్టెయ్యబోయాను. "ఎత్తు" అంది. "నేనే చెప్తాను. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్నాను లవ్, రాంగ్ నంబరని చెప్పడం నాకేం కొత్త కాదు."

ఎత్తాను. తెరంతా మనుషులే. ముందు జానెల్, పొట్టి జుట్టు, పెద్ద కళ్ళజోడు, చుట్టూ ఏడెనిమిది తలలు, వెనక ఎవరో చేత్తో రాసిన కాగితం ఎత్తి పట్టుకున్నారు, స్వాగతం అత్తయ్యా అని. డాట్ తల పక్కకి తిప్పి ముందు వాళ్ళని తనివితీరా చూసుకుంది, ఒక్కొక్కళ్ళనీ, కంటి కొసతో, తరవాత చెప్పేసింది. నేను మీ చుట్టాన్ని కాదటమ్మా, మీ ముత్తాత మా పొలంలో పని చేశాడట, ఇవాళే తెలిసింది, మీరంతా తీరిక చేసుకుని కూర్చున్నారు, క్షమించండి. కాగితం పట్టుకున్న చెయ్యి మెల్లిగా దిగిపోయింది. జానెల్ అయ్యో అని ఒక చిన్న మాటంది. అయిపోయింది, కట్టేస్తుంది ఇంక అనుకుంటున్నాను, డాట్ ముందుకి వంగి, "ఒక్కటడుగుతాను. మా ఇంట్లో ఆయన్ని బాగా చూసుకున్నారా?" అంది.

అటు వెనకాల నుంచి ఒక ముసలాయన లేచొచ్చాడు, జానెల్ తండ్రట, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "మా తాత చెప్పినంతవరకూ పని ఎక్కువ, గంజి పలచన" అన్నాడు. డాట్ కిసుక్కున నవ్వింది, అటు వాళ్ళూ నవ్వారు. "ఎక్కువ మాట్లాడే మనిషి కాదమ్మా ఆయన. ఒక్క సంగతే చెబుతూ ఉండేవాడు. ఆ ఇంట్లో ఒక పిల్లాడుండేవాడట, తాత పనిలో చేరినప్పుడు వాడికి నాలుగేళ్ళు, తాత అక్కడున్న నాలుగేళ్ళూ తాత తోకే పట్టుకు తిరిగాడు, రాత్రిళ్ళు పశువుల పాకలో తాత పక్కలోనే పడుకునేవాడు. తాత అమెరికా బయల్దేరిన రోజున వాడు కనపడకుండా పోయాడు. ఎంత పిలిచినా పలకలేదు. ఓడకి వేళైపోయింది, తాత వాడికి చెప్పకుండానే వచ్చేశాడు. ఆ పిల్లాడు అండెర్స్ దొరికాడో లేదో అని చచ్చిపోయేదాకా అనుకున్నాడమ్మా. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు పోయాడు, ఆఖరి వారం కూడా అదే మాట. ఉత్తరం రాద్దామంటే ఆయనకి రాయడం రాదు." ముసలాయన ముఖం తెరకి బాగా దగ్గరగా తెచ్చాడు. "మీకేమైనా తెలుసా? ఏమయ్యాడా పిల్లాడు?"

డాట్ నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా, గాజులు నొక్కుకునేలా.

"దొరికాడు" అంది. "పెద్దవాడయ్యాడు. ఇక్కడికొచ్చాడు. మీరంతా కూర్చోండి, చెప్తాను."